కుర్చీ, ల్యాప్‌టాప్, బైకు సీటు: బెంగళూరు ఉద్యోగి వీర్యకణాలను వేడి నుంచి కాపాడుకునే పద్ధతి

మారతహళ్లిలో పీజీ, వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు ఉన్న కుర్రాడి రోజు లెక్కేయండి. పొద్దున క్యాబ్‌లోనో బైకు మీదో గంట. ఆఫీసు కుర్చీలో ఎనిమిది తొమ్మిది గంటలు. తిరుగు ట్రాఫిక్‌లో మరో గంటన్నర. రాత్రి మంచం మీద దిండుకి ఆనుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని అమెరికా వాళ్లతో కాల్. నిద్ర తీసేస్తే మిగిలిన రోజంతా తొడలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నట్టే. పెళ్లై ఏడాది దాటగానే ఊరి నుంచి "ఏమన్నా విశేషమా?" అని ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు ముందుగా పరీక్షలకి వెళ్లేది మాత్రం భార్యే. నిజానికి పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వాటిలో కొన్నింటికి మందులో ఆపరేషనో కావాలి. కూర్చునే అలవాట్లకి సంబంధించిన వాటిని మాత్రం ఈ రోజు సాయంత్రం నుంచే, పెద్దగా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

వేడి చేసే పని

శరీరం లోపల ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. వీర్యకణాలు సరిగ్గా తయారవ్వాలంటే వృషణాలు అంతకన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి కడుపులో కాకుండా బయట సంచిలో ఉంటాయి. ఉక్కపోతలో సంచి సాగి కిందికి దిగుతుంది, చలికి ముడుచుకుని ఒంటికి దగ్గరగా వస్తుంది. వృషణానికి వెళ్లే ధమని చుట్టూ సన్నటి సిరలు అల్లుకుని ఉంటాయి. తిరిగి వస్తున్న చల్లటి రక్తం, లోపలికి పోతున్న వేడి రక్తాన్ని దారిలోనే చల్లారుస్తుంది. తొడలు మూసి కూర్చుంటే ఈ ఏర్పాటుకి ఊపిరాడదు. సంచికి రెండు పక్కలా తొడలు, కింద ఫోమ్, పైన వాలిన పొట్ట. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరని చెమట చల్లబరచదు.

ఎంత పెరుగుతుందో కొలిచి చూశారు. 2005లో అమెరికాలో 29 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద చేసిన అధ్యయనంలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని గంట కూర్చుంటే సంచి ఉష్ణోగ్రత 2.6 నుంచి 2.8 డిగ్రీల దాకా పెరిగింది. ఇక్కడ అందరూ దాటేసే సంగతి ఒకటుంది. ల్యాప్‌టాప్ లేకుండా, అదే భంగిమలో తొడలు దగ్గరగా పెట్టి కూర్చున్నా 2.1 డిగ్రీలు పెరిగింది. అంటే పెరుగుదలలో సింహభాగం మిషనుది కాదు, తొడలది. 2011లో మళ్లీ కొలిచినప్పుడు, ల్యాప్‌టాప్ ఒళ్లో ఉండగా తొడలు మూసి కూర్చున్నవాళ్లకి 11 నిమిషాల్లో ఒక డిగ్రీ పెరిగింది. కింద ల్యాప్‌ప్యాడ్ పెట్టుకుంటే 14 నిమిషాలు పట్టింది. ప్యాడ్ పెట్టుకుని, తొడల మధ్య 70 డిగ్రీల కోణం ఉండేలా కాళ్లు ఎడం చేస్తే 28 నిమిషాలు పట్టింది. ఆన్‌లైన్‌లో కొనే ప్యాడ్ తెచ్చిన లాభం మూడు నిమిషాలు. కాళ్లు ఎడం చేయడానికి రూపాయి ఖర్చు లేదు.

ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత నాళంలో ప్రయాణించి పక్వం కావడానికి మరో రెండు వారాల దాకా. కలిపితే మూడు నెలలు. ఈ రోజు ఇచ్చిన శాంపిల్‌లో కనిపించేది మూడు నెలల కిందటి జీవితం. వానాకాలంలో డెంగీ వచ్చి నాలుగు రోజులు 103 జ్వరం కాస్తే, ఆ దెబ్బ దీపావళి నాటి రిపోర్టులో కనబడవచ్చు. అలవాటు మార్చిన పది రోజులకే పరీక్ష చేయించుకుని "ఏం లాభం లేదు" అనుకునేవాళ్లు ఎందరో.

అలాగని కుర్చీని ముద్దాయిగా నిలబెట్టడమూ సరికాదు. 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, వారానికి 20 గంటలకి మించి టీవీ చూసే కుర్రాళ్ల వీర్యకణాల సాంద్రత అసలు చూడనివాళ్లకన్నా 44 శాతం తక్కువగా ఉంది. 2016లో డెన్మార్క్‌లో ఇంకా పెద్ద సంఖ్యలో యువకులను చూసినప్పుడు, రోజుకి ఐదు గంటలకి మించి టీవీ చూసేవాళ్లలో కౌంట్ తక్కువగానే ఉంది కానీ, కంప్యూటర్ ముందు కూర్చునే గంటలతో అలాంటి సంబంధం తేలలేదు. కాబట్టి ఐటీ ఉద్యోగం చేస్తే పిల్లలు పుట్టరన్న ప్రచారం ఉత్త భయపెట్టడమే. కౌంట్ పుష్కలంగా ఉన్నవాడికి ఒక డిగ్రీ పెద్ద లెక్క కాకపోవచ్చు. అంచున ఉన్నవాడికి, పొట్ట, సిగరెట్, వెరికోసీల్ (సంచిలోని సిరలు ఉబ్బడం) లాంటివి తోడైనవాడికి అదే తేడా తెస్తుంది.

కుర్చీ సర్దుకోవడం

ముందు ఎత్తు. కుర్చీ ఎదురుగా నిలబడండి. సీటు పై అంచు మోకాలి చిప్పకి కాస్త కిందగా ఉండాలి. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి, తుంటి మోకాళ్లకన్నా ఒక పిసరు పైన ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు పైకి లేచి, పొట్టా తొడలూ ఒకదానికొకటి ఒత్తుకుని గజ్జలు మూసుకుపోతాయి. మరీ ఎత్తుగా ఉంటే పాదాలు అందక సీటు ముందు అంచు తొడల్లోకి నొక్కుకుంటుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. టేబుల్ ఎత్తు మార్చలేని ఆఫీసుల్లో కుర్చీని టేబుల్‌కి తగ్గట్టు పైకి లేపి, పాదాల కింద ఫుట్‌రెస్ట్ పెట్టుకోండి. లేకపోతే ఏ ఫోర్ కాగితాల కట్టలు రెండు చాలు.

లోతు చూసుకోండి. వీపు వెనక్కి ఆనించి కూర్చున్నాక సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే మనకి తెలియకుండానే ముందుకి జారతాం, నడుము గూనిలా వంగుతుంది, పొట్ట తొడల మీదికి వాలుతుంది. సీటు ముందుకి వెనక్కి జరిపే మీట చాలా ఆఫీసు కుర్చీలకి ఉంటుంది. ఉందని తెలియక ఏళ్ల తరబడి ముట్టుకోనివాళ్లే ఎక్కువ. వీపు వాలు నిటారుగా 90 డిగ్రీలు వద్దు, 100 నుంచి 110 డిగ్రీల మధ్య పెట్టండి. వెనక్కి కొద్దిగా వాలితే గజ్జల దగ్గర మడత తెరుచుకుంటుంది.

ఇక అసలు విషయం మోకాళ్ల ఎడం. 70 డిగ్రీలంటే సగటు మనిషికి రెండు మోకాళ్ల మధ్య సుమారు మూరెడు దూరం. మోచేతి నుంచి వేలి కొస దాకా అడ్డంగా పెట్టి చూసుకోండి. రోజంతా అంత ఎడంగా కూర్చోవడం కుదరదు, మీటింగ్ రూములో బాగుండదు కూడా. టేబుల్ కింద ఎవరూ చూడనప్పుడు మూర, మిగతా వేళ కనీసం రెండు పిడికిళ్లు పక్కపక్కన పెట్టినా ఇంకా ఖాళీ మిగిలేంత. టేబుల్ కింద సీపీయూ, డస్ట్‌బిన్, డ్రాయర్ ఉంటే ముందు వాటిని పక్కకి జరపండి. కాళ్లు పెట్టడానికే చోటు లేని చోట ఎడం గురించి చెప్పి ప్రయోజనం లేదు. కాలు మీద కాలు వేసుకోవడం అన్నిటికన్నా వేడి పుట్టించే భంగిమ, దాన్ని మానేయండి.

సీటు బట్ట కూడా చూడాలి. రెగ్జిన్, మందపాటి మెమరీ ఫోమ్ వేడినీ చెమటనీ పట్టి ఉంచుతాయి. జాలీ సీటు మేలు. వీపు మాత్రమే జాలీ ఉండి, సీటు ఫోమ్‌తో ఉన్న కుర్చీలే ఎక్కువగా అమ్ముతారు. కొనేటప్పుడు కింద చెయ్యి పెట్టి చూడండి.

అరగంట నియమం

అంత ఎడంగా కూర్చున్నా 28 నిమిషాలకి ఒక డిగ్రీ ఎక్కింది కదా. అందుకని 25 నుంచి 30 నిమిషాలకోసారి లేవండి. ఫోన్‌లో అలారం పెడితే మూడో రోజుకి దాన్ని ఆపేస్తారు. దానికన్నా సీసా చిన్నది పెట్టుకోండి. అర లీటరు సీసా గంటకోసారి నింపుకోవాలి, తాగిన నీళ్లు బాత్రూమ్‌కి లేపుతాయి, లేవడానికి రెండు కారణాలు వాటంతటవే దొరుకుతాయి. లేచాక రెండు మూడు నిమిషాలు నడవాలి. నడకలో తొడల మధ్య గాలి ఆడుతుంది, సంచి కిందికి వదులవుతుంది. లేచి నిలబడి ఫోన్ చూసుకుని మళ్లీ కూర్చుంటే సగం లాభమే. పొద్దున జరిగే "స్టాండప్ మీటింగ్" అందరూ కూర్చునే చేస్తున్నారు. దాన్నయినా పేరుకి తగ్గట్టు నిలబడి చేయండి. మాట్లాడే పని లేని కాల్స్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని కారిడార్‌లో నడుస్తూ వినండి. లేచిన వంకతో కిందికి దిగి సిగరెట్ వెలిగిస్తే మాత్రం కుర్చీలో కూర్చోవడమే నయం.

నిలబడి పనిచేసే డెస్క్ కొన్నవాళ్లు రోజంతా నిలబడటం ఇంకో పొరపాటు. వెరికోసీల్ ఉన్నవాళ్లకి గంటల తరబడి నిలబడితే సిరల్లో రక్తం నిలిచి ఎడమవైపు బరువుగా, లాగినట్టు నొప్పి వస్తుంది. అరగంట కూర్చుని, పావుగంట నిలబడి, మధ్యలో నాలుగడుగులు వేయడం మంచి పద్ధతి.

ఇంటి దగ్గర

వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఆఫీసుకన్నా ఎక్కువ పాడుచేసుకుంటాం. మంచం మీద కాళ్లు చాపి, దుప్పటి కప్పుకుని, దాని మీద ల్యాప్‌టాప్. దాని గాలి రంధ్రాలు పరుపుకి మూసుకుపోయి ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, అడుగున వేడి పెరుగుతుంది, ఆ వేడి దిగేది నేరుగా ఒళ్లోకి. చార్జింగ్‌లో పెడితే ఇంకా ఎక్కువ. మఠం వేసుకుని కూర్చుంటే తొడలు ఎడంగానే ఉంటాయి, నేల మీద అలా కూర్చుని ముందు చిన్న మడత బల్ల వేసుకుంటే ఇబ్బంది లేదు. బల్ల లేకుండా ఆ మఠం మధ్యలో ల్యాప్‌టాప్ దించితేనే చేటు. వైఫై తరంగాలు, జేబులో ఫోన్ గురించి జరిగే చర్చకి ఆధారాలు బలంగా లేవు. వేడికి ఉన్నాయి. ముందు దాని సంగతి చూడండి.

లోపలి బట్టల విషయంలో 2018లో హార్వర్డ్ పరిశోధకులు 656 మంది మగవాళ్లను చూశారు. వదులు బాక్సర్లు వేసుకునేవాళ్లలో వీర్యకణాల సాంద్రత మిగతావాళ్లకన్నా 25 శాతం ఎక్కువగా తేలింది. బిగుతు జీన్స్, నైలాన్ కలిసిన డ్రాయర్ రెండూ కలిపి వేసుకుంటే కుర్చీ ఎంత బాగా సర్దుకున్నా ఫలితం అంతంతే. ఆఫీసుకి వదులు కాటన్ ప్యాంటు, రాత్రికి లుంగీ, లోపల ఏమీ లేకుండా. మన తాతలు ఏ పరిశోధనా చదవకుండానే ఈ విషయంలో ముందున్నారు.

గీజర్ నీళ్లు బకెట్లో పట్టుకుని పోసుకుంటే భయం లేదు. వేడినీళ్లలో నానడమే తేడా. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో జకూజీ, స్టీమ్, సౌనా ఉంటే పిల్లల కోసం ప్రయత్నిస్తున్న నెలల్లో అటు వెళ్లకండి. వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున మూడు నెలలు సౌనాలో కూర్చున్నవాళ్ల కౌంట్ పడిపోయి, మానేసిన ఆరు నెలలకి కోలుకున్నట్టు ఒక చిన్న అధ్యయనంలో తేలింది.

బైకు, కారు

కారు నడిపేవాళ్లలో రెండు గంటలకి సంచి ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పెరిగినట్టు 2000లో ఫ్రాన్స్‌లో కొలిచారు. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి మీదుగా రోజూ వెళ్లేవాళ్లకి రెండు గంటలంటే ఎంతో చెప్పనక్కర్లేదు. క్యాబ్, బస్సు నడిపేవాళ్లకి అది రోజంతా. సీటు మీద వెదురు పూసల కవరో జాలీ కవరో వేస్తే కింద కాస్త గాలి ఆడుతుంది. ఏసీ గాలి ముఖానికే కాకుండా కాళ్ల వైపు కూడా తిప్పండి. పండక్కి హైదరాబాద్ దాకా సొంత కారులో వెళ్తే బాగేపల్లిలో, అనంతపురంలో, కర్నూలులో ఆగి ఐదేసి నిమిషాలు నడవండి. ఆకలి లేకపోయినా సరే.

బైకు మీద రెండు సమస్యలు. ఎండలో పెట్టిన నల్ల రెగ్జిన్ సీటు, ట్యాంకుకి ఆనుకుని ముందుకి జారి కూర్చోవడం. రెండోది మలద్వారానికీ వృషణాలకీ మధ్య ఉండే భాగాన్ని నొక్కుతుంది. అంగానికి పోయే నరాలూ రక్తనాళాలూ అటునుంచే వెళ్తాయి. కాబట్టి ట్యాంకుకి ఎడంగా, సీటు వెడల్పుగా ఉన్న వెనక భాగంలో కూర్చోండి. సైకిల్ తొక్కేవాళ్లు అక్కడ తిమ్మిరి అనిపిస్తే "అలవాటవుతుందిలే" అనుకోవద్దు. సీటు ముక్కు కాస్త కిందికి వంచి చూడండి, తగ్గకపోతే ముక్కు లేని సీటుకి మారండి. వీలైతే వారంలో రెండు మూడు రోజులు మెట్రో ఎక్కండి. పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ దాకా ఉంది, 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైను ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా నడుస్తోంది. సీటు దొరకలేదని బాధపడక్కర్లేదు. నిలబడటమే మనకి కావాల్సింది.

పొట్ట, కసరత్తు, సూదులు

కూర్చునే అలవాటు వేడితో పాటు ఇంకో దారిలోనూ దెబ్బ తీస్తుంది. పొట్టలోని కొవ్వు టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. చక్కెర, కొలెస్ట్రాల్ పెరిగి రక్తనాళాలు గట్టిపడితే అంగస్తంభన ముందుగా తగ్గుతుంది. గుండెకి వచ్చే జబ్బుకి అది కొన్నేళ్ల ముందస్తు హెచ్చరిక కూడా కావచ్చు. నడుము కొలవండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, దాన్ని పొట్ట కింద కడతాం. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే ఎక్కువే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కనీసం. అగర చెరువు గట్టో, కబ్బన్ పార్కో, అపార్ట్‌మెంట్ చుట్టూనో, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. గట్టిగా గురకపెట్టి పగలు తూగేవాళ్లు స్లీప్ అప్నియాకి, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకి, చూపించుకోవాలి. అది కూడా టెస్టోస్టిరాన్‌ని తగ్గిస్తుంది.

జిమ్‌లో కండల కోసం ఇచ్చే సూదుల గురించి గట్టిగా చెప్పాలి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు "ఇక చాలు" అనుకుని వృషణాలకి సంకేతాలు ఆపేస్తుంది. వీర్యకణాల తయారీ తగ్గి సున్నాకి కూడా చేరవచ్చు. మానేశాక కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. నీరసం అని వెళ్తే టెస్టోస్టిరాన్ రాసే డాక్టరుకి కూడా పిల్లలు కావాలనుకుంటున్నామని ముందే చెప్పండి.

పరీక్ష సరిగ్గా చేయించుకోవడం

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ ఒకేసారి వెళ్లండి. మగవాడికి తొలి పరీక్ష సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష. 2 నుంచి 7 రోజులు వీర్యం పోకుండా ఉండాలి. మళ్లీ చేయించినప్పుడు కూడా అన్నే రోజుల విరామం ఉంటేనే రెండు రిపోర్టులు పోల్చగలరు. మొదటి చుక్కలు బయట పడిపోతే చెప్పకుండా ఊరుకోవద్దు. వీర్యకణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. సబ్బు, నూనె, మామూలు కండోమ్ వాడకూడదు. శాంపిల్ ల్యాబ్‌లోనే ఇవ్వడం ఉత్తమం. ఇంటి నుంచి తెస్తే గంటలోపు, ఒంటి వెచ్చదనంలో ఉంచి చేర్చాలి. బెళ్లందూరు ట్రాఫిక్‌లో ఆ గంట మీద నమ్మకం పెట్టుకోకండి. గత మూడు నెలల్లో జ్వరం వచ్చినా, మందులు వాడినా చెప్పండి.

2021 డబ్ల్యూహెచ్‌ఓ మాన్యువల్ ప్రకారం కనీస పరిమితులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, సాంద్రత మిల్లీలీటరుకి 16 మిలియన్లు, మొత్తం 39 మిలియన్లు, కదిలేవి 42 శాతం, ముందుకి ఈదేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఆకారం 4 శాతమే చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. అది మామూలే. సాంద్రతని పరిమాణంతో గుణించి చూడండి. 12 మిలియన్లు, 3.5 మిల్లీలీటర్లు ఉంటే మొత్తం 42 మిలియన్లు, పరవాలేదు. అదే 12 మిలియన్లు 2 మిల్లీలీటర్లలో ఉంటే 24, తక్కువ. రిపోర్టు బాగా లేకపోతే ఒక్కదానితో తీర్పు చెప్పరు, మళ్లీ చేయించాలి. పైన చెప్పిన మార్పులు మొదలుపెట్టినవాళ్లకి వాటి ఫలితం తెలిసేది మూడు నెలలు ఆగి చేయించిన పరీక్షలోనే. భార్య వయసు ఎక్కువైతే మాత్రం ఆ మూడు నెలలు ఊరికే ఆగకుండా చికిత్స కూడా పక్కనే నడవాలి.

నిలబడి సంచిని తడిమితే లోపల వానపాములు చుట్టుకున్నట్టు తగులుతోందా? అది వెరికోసీల్ కావచ్చు, ఎక్కువగా ఎడమవైపు. మగవాళ్లలో సుమారు 15 శాతం మందికి ఉంటుంది, అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కూర్చుంటే పెరిగి నిలబడితే తగ్గే మంట, మూత్రం పోసేటప్పుడు నొప్పి ఉంటే కటి కండరాల బిగుతు కావచ్చు. యూరిన్ కల్చర్‌లో (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఏమీ లేకుండానే యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు మింగకండి. ఇక్కడో చిక్కుంది: ఈ నొప్పికి గోరువెచ్చని నీళ్ల టబ్‌లో కూర్చోమని చెబుతుంటారు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ సంగతి యూరాలజిస్టుకి చెప్పి, బదులుగా ఫిజియోథెరపీ కుదురుతుందేమో అడగండి. మధ్యలో గాడి ఉన్న కుషన్ కూడా నొక్కుడు తగ్గిస్తుంది.

నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే వారంలోపు చూపించుకోండి, వృషణాల క్యాన్సర్ వచ్చేది ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్యే. హఠాత్తుగా ఒక వైపు భరించలేని నొప్పి వచ్చి వాంతి అయ్యేలా ఉంటే వృషణం మెలిపడి ఉండొచ్చు. ఆరు గంటలు దాటితే దాన్ని కాపాడటం కష్టమవుతూ వస్తుంది. తెల్లారాక చూద్దామని నొప్పి మాత్ర వేసుకుని పడుకోకుండా, ఆ రాత్రే అల్ట్రాసౌండ్, సర్జన్ ఇద్దరూ దొరికే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు. ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు.